మోయలేనంత భారం దేవుడు ఇవ్వడంటారు, నిజమేనా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. పది నెలల కిందట అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నాన్న లేరు. మావారి ఉద్యోగం వేరే ఊళ్లో, పదిహేను రోజులకోసారి వస్తారు. ఇద్దరు పిల్లలు, పెద్దవాడికి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆఫీసులో ఈమధ్యే టీమ్ బాధ్యత కూడా నాకే ఇచ్చారు. రాత్రి రెండు గంటలకోసారి లేచి అమ్మను పక్కకు తిప్పాలి. తమ్ముడు దగ్గర్లోనే ఉన్నాడు కానీ, వాడి సంసారం వాడిదని అడగలేదు. చర్చిలో అందరూ "మోయలేనంత భారం దేవుడు ఇవ్వడమ్మా, ప్రార్థన చెయ్యి" అంటారు. చేస్తూనే ఉన్నాను. మొన్న బాత్రూంలో ట్యాప్ తిప్పేసి, ఏడుపు బయటికి వినబడకుండా కూర్చున్నాను. ఆ రాత్రి, పడుకున్నాక తెల్లారకపోతే బాగుండు అనిపించింది. నాకు విశ్వాసం తక్కువా?

జవాబు: తెల్లారకపోతే బాగుండు అన్నారు కదమ్మా, ముందు ఆ మాట దగ్గరే ఆగుదాం.

బైబిల్లో ఏలీయా ప్రవక్త కూడా ఇదే అడిగాడు. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసినవాడు, ఆ వెంటనే యెజెబెలు రాణి బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. దేవుడు ఆయన్ని ఒక్క మాట అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, తినమన్నాడు. తల దగ్గర రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, ఈ ప్రయాణం నీ శక్తికి మించింది, లేచి తిను అన్నాడు. శక్తికి మించిందని ఒప్పుకున్నది దేవుడి దూతే. అలాంటప్పుడు మీరు ఆ మాట అంటే అవిశ్వాసం ఎలా అవుతుంది?

అందుకే ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అమ్మ కోసం కాదు, మీ కోసం. పది నెలలుగా వరసగా రెండు గంటలు కూడా నిద్ర లేని మనిషికి మనసు కుంగిపోవడం సహజం, దానికి వైద్యం ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన మళ్లీ గట్టిగా వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఆ నిమిషమే ఎవరినైనా పిలిచి పక్కన ఉండమనండి, ఆస్పత్రికి తీసుకెళ్లమనండి.

ఇక మీకు చర్చిలో చెప్పే మాట. ఒకప్పుడు నేనూ కొందరికి అదే చెప్పాను, అందుకు ఇప్పటికీ బాధపడతాను. బైబిల్లో ఆ మాట అలా లేదు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలో ఉన్నది శోధన గురించి. సహించలేనంతగా శోధింపబడనివ్వడు, తప్పించుకునే మార్గం కూడా ఇస్తాడు అని. భారం సంగతికొస్తే, అదే పౌలు అదే సంఘానికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం చూడండి. ఆసియలో మాకు వచ్చిన శ్రమ మా శక్తికి మించిపోయింది, బతుకుతామన్న ఆశ కూడా వదులుకున్నాం అని దాచకుండా రాశాడు. మమ్మల్ని మేము నమ్ముకోకుండా, చనిపోయినవారిని లేపే దేవుణ్ణి నమ్ముకోవడానికే అలా జరిగింది అన్నాడు. ఆ పత్రిక చివరికొచ్చేసరికి, నా కృప నీకు చాలు అని ప్రభువు తనతో అన్న మాట చెప్పినది కూడా ఆయనే. మోయలేకపోతున్నానని తెలిసినవాడికే ఆ మాట అర్థమవుతుంది.

మరి మోయడానికి బలం ఎలా వస్తుంది? ఇశ్రాయేలు ప్రజలను నడిపించిన మోషే ఒకసారి విసిగిపోయి, ఈ జనాన్నంతా నేను కన్నానా, ఒక్కడినే మోయలేను, దీనికన్నా నన్ను చంపెయ్యి అని దేవుడితోనే అన్నాడు. అప్పుడు దేవుడు మోషే భుజాలను ఇంకా గట్టి చేయలేదు. డెబ్బై మంది పెద్దలను పిలిపించి, మోషే మీద ఉన్న ఆత్మలో కొంత వాళ్ల మీద ఉంచాడు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు పదే పదే గుర్తొచ్చింది ఇదే. మీరు బలం కోసం అడుగుతున్నారు, అది మీ తమ్ముడి రూపంలో పక్కనే ఉంది.

ఆవిడ వాడికీ అమ్మే. "వీలైతే ఓసారి రారా" అనొద్దు, అలా అంటే ఎవరికీ వీలు కాదు. "శుక్ర, శనివారాలు రాత్రి నువ్వు అమ్మ దగ్గర పడుకోవాలిరా, నాకు చేతకావడం లేదు" అని సూటిగా చెప్పండి. వచ్చినప్పుడు చేసి చూపించండి: వీపు వెనక దిండు ఎలా పెట్టాలో, మోకాళ్ల మధ్య ఏది పెట్టాలో, పడిపోయిన చెయ్యిని లాగకుండా ఎలా ఎత్తాలో. అలాగే ఎంతసేపటికోసారి తిప్పాలో అమ్మ డాక్టర్‌ను మళ్లీ అడగండి. ఒత్తిడి తగ్గించే పరుపు వాడితే కొందరికి ఆ వ్యవధి పెంచుతారు, తిప్పడం మానేయడం మాత్రం కుదరదు. ఆఫీసులో టీమ్ బాధ్యత కొన్నాళ్లు వాయిదా వేయమని అడగడంలో తప్పేమీ లేదు.

ప్రార్థన సంగతి. అరణ్యంలో ఆ ప్రజలకు దేవుడిచ్చిన ఆహారం, మన్నా, ఏ రోజుది ఆ రోజే దొరికేది, రేపటికని దాచుకుంటే పురుగు పట్టేది, విశ్రాంతి దినం ముందు రోజు తప్ప. మీరు అర్ధరాత్రి లేచినప్పుడు వచ్చే ఏడాది గురించీ అమ్మ కోలుకోవడం గురించీ ప్రార్థించే ఓపిక ఉండదు. అక్కర్లేదు కూడా. అమ్మ భుజం కింద చెయ్యి పెట్టి "ప్రభువా, ఈ ఒక్కసారికి" అనండి చాలు. అది పూర్తి ప్రార్థనే.

ఈ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేయండి. వాడు వచ్చిన మొదటి రాత్రి వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి. మధ్యలో అమ్మ మూలిగినట్టు వినిపిస్తుంది, లేవాలనిపిస్తుంది. లేవకండి. వాడు లేస్తాడు.