చిన్న సంస్థలకు యాక్సెసిబిలిటీ చట్టం వర్తించదా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. వెబ్‌సైట్లు దివ్యాంగులు వాడుకోవడానికి వీలుగా ఉన్నాయో లేదో పరీక్షించే యాక్సెసిబిలిటీ టెస్టింగ్ నేర్చుకుంటానంటోంది. ఈ చట్టాలు పెద్ద కంపెనీలకేనని విన్నాం. ఈ పనికి భవిష్యత్తు ఉంటుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు విన్నదాంట్లో కొంతే నిజం ఉందండీ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అందులో దివ్యాంగులకు తగిన పోస్టుల జాబితా, ఎంపిక, శిక్షణ పద్ధతులు, దివ్యాంగుల నియామకాలు, సౌకర్యాలు చూసుకునే లైజన్ అధికారి నియామకం వంటివన్నీ చూపాలని 2017 నియమావళి చెబుతోంది. అంతకన్నా చిన్న సంస్థ తాను కల్పించే సౌకర్యాలను పేర్కొంటే సరిపోతుంది. 4 శాతం రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వ సంస్థలకే. అయితే సేవలందించేవారు ప్రభుత్వమైనా ప్రైవేటైనా అందుబాటు నియమాలను పాటించాలన్న 46వ సెక్షన్‌లో ఉద్యోగుల సంఖ్య ప్రస్తావనే లేదు. చాలామంది గమనించనిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చిన యూరప్ యాక్సెసిబిలిటీ చట్టం పదిమందికన్నా తక్కువ సిబ్బంది, 20 లక్షల యూరోలకు మించని టర్నోవరు ఉన్న సేవా సంస్థలను మినహాయించింది గానీ, ఉత్పత్తులు తయారుచేసేవారికి ఆ మినహాయింపు ఇవ్వలేదు. అమెరికా దివ్యాంగుల చట్టంలో ఉద్యోగాలకు సంబంధించిన భాగం 15 మంది ఉన్న సంస్థ నుంచి వర్తిస్తుంది. దుకాణాలు, హోటళ్ల వంటివాటికి వర్తించే భాగానికి అలాంటి పరిమితి లేదు. హైదరాబాద్ ఐటీ సంస్థల్లో ఆ దేశాల క్లయింట్లకు పనిచేసేవి ఎన్నో ఉన్నాయి కనుక ఈ తేడాలు తెలిసిన టెస్టరుకు విలువ ఉంటుంది.

అమ్మాయిని ముందుగా తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, మౌస్ ముట్టకుండా ఏదైనా దరఖాస్తు ఫారం నింపి చూడమనండి. పేరు పెట్టని బటన్ దగ్గరికి రాగానే అది ‘బటన్’ అని మాత్రమే చదువుతుంది. అది ‘సమర్పించు’ బటనో ‘రద్దు చేయి’ బటనో చూపులేని అభ్యర్థికి తెలియదు. ఆ లోపాన్ని వెబ్ యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయ ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీలో ఏ నిబంధన కింద నమోదు చేయాలో రాయడం అలవాటయ్యాక యాక్సెసిబిలిటీలో ప్రాథమిక స్థాయిదైన సీపీఏసీసీ సర్టిఫికేషన్‌కు సిద్ధం కావచ్చు.