వెళ్తే ఏం మాట్లాడాలి?

ప్రశ్న: ఆఫీసులో నా పక్క సీటు స్నేహితురాలి నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు రోజులుగా ఐసీయూలో ఉన్నారు. తనకు తోబుట్టువులు లేరు. ఫోన్ చేద్దామంటే నాకు నోట మాట రావడం లేదు. ‘ధైర్యంగా ఉండు’ అని మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. వెళ్లాలా? వెళ్తే ఏం మాట్లాడాలి?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వెళ్లండమ్మా. మాటల సంగతి తర్వాత, ముందు ఇంట్లో ఫ్లాస్కు ఎక్కడుందో చూడండి.

మావారికి గుండెపోటు వచ్చినప్పుడు తొమ్మిది రోజులు ఐసీయూ బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాను. లోపలికి పంపేది పూటకొక్కరిని, అదీ ఐదు నిమిషాలు. మిగతా టైమంతా వచ్చినవాళ్లకు కథ మొదటి నుంచి చెప్పడమే నా పని. నొప్పి ఎన్నింటికి మొదలైంది? ఆటోలో తెచ్చారా, అంబులెన్సా? ముందే ఈసీజీ తీయించలేదా? ఆ చివరి ప్రశ్న అడిగినాయన మంచివాడే, పాపం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకొకావిడ, తన మరిదికీ అచ్చం ఇలాగే వచ్చిందని మొదలుపెట్టి, మూడో రోజు దగ్గరికి వచ్చేసరికి నా మొహం చూసి టక్కున ఆపేసింది. ఇక చెప్పేదేముంది!

ఎదురింటి పిన్నిగారు మాత్రం ఏమీ అడగలేదు. కాఫీ పోసి, “మొహం కడుక్కుని రా, డాక్టరు పిలిస్తే నేనున్నాగా” అన్నారు. మూడు రోజుల్లో నేను తల దువ్వుకున్నది అప్పుడే. వెళ్తూ వెళ్తూ మా ఇంటి తాళం అడిగి తీసుకున్నారు.

‘ఏమైనా కావాలంటే చెప్పు’ అనకండి. ఏం కావాలో ఆలోచించే ఓపిక కూడా తనకు ఉండదు. ‘రేపు పెరుగన్నం తెస్తాను, రెండు నుంచి ఐదు దాకా నేను కూర్చుంటాను, నువ్వు కాస్త నడుం వాల్చు’ అనండి. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉంటే ఆరోగ్యమిత్ర కౌంటర్లో రేషన్ కార్డు, ఆధార్ అడుగుతారు. అవి ఇంట్లోనే ఉండిపోయి ఉంటాయి, మీరు తెచ్చిపెట్టండి. డాక్టరు గబగబా చెప్పేది ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. ‘తగ్గిపోతుందిలే’ అని మాత్రం మాటివ్వకండి, అది మన చేతిలో లేదు.

పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీ నెలల తరబడి పడుతుంది. ఇంటికి తెచ్చాక మూడు వారాలకల్లా చుట్టాలు పలచబడతారు. అప్పుడు కూడా ఒకసారి వెళ్లండి.

మెసేజ్‌కి జవాబు రాలేదని నొచ్చుకోకండి. ఫోన్లో చార్జింగ్ అయిపోయి ఉంటుంది. పొడుగు వైరున్న చార్జర్ ఒకటి సంచిలో వేసుకోండి.