హైదరాబాద్‌లో కరెంటు కంపెనీ మార్చుకోవచ్చా? ఒకే మీటరు మీద రెండు పోర్షన్లుంటే ఏం చేయాలి?

మీరడిగింది ఇదీ: కింద మీరు, పైన అద్దెకున్నవాళ్ళు, మీటరొకటే, నెలకు 360 యూనిట్లు. ఫోన్ సిమ్ పోర్ట్ చేసినట్టు కరెంటు కంపెనీ మారితే బిల్లు తగ్గుతుందా అని.

మారడం కుదరదండి. హైదరాబాద్ ఇళ్ళకు కరెంటిచ్చేది టీజీఎస్పీడీసీఎల్ ఒక్కటే. ముంబైలో కొన్నిచోట్ల టాటా పవర్, అదానీల్లో ఒకటి ఎంచుకోవచ్చు గానీ ఇక్కడ ఆ వీల్లేదు. ఓపెన్ యాక్సెస్ (నచ్చిన కంపెనీ దగ్గర కరెంటు కొనుక్కునే వీలు) అని వినే ఉంటారు. అది 1 మెగావాట్, గ్రీన్ కరెంటుకైతే 100 కిలోవాట్ల లోడు నుంచి మొదలు. మామూలు ఇంటి లోడు మూడు నుంచి ఐదు కిలోవాట్లు. తక్కువ రేటుకు ఇప్పిస్తామని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మీ బిల్లు పెరగడానికి కారణం శ్లాబు. నెలకు 100 దాటి 200 యూనిట్లు మించని మీటరుకు మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున పడతాయి. 200 దాటిందంటే ఆ తక్కువ రేట్లు మొత్తం పోతాయి. మొదటి 200కే 5.10 పడుతుంది, ఆపై 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు, 201కి 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల పైచిలుకు! (ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, డ్యూటీ ఇందులో కలపలేదు.)

మీ 360కి లెక్క వేస్తే 1,020 + 770 + 540, మొత్తం 2,330. ఇందులో కింద 190, పైన 140, నీళ్ళ మోటారుకు 30 యూనిట్లు అనుకుందాం (1 హెచ్‌పీ మోటారు రోజుకో గంట ఆడితే దాదాపు అంతే అవుతుంది). రెండు మీటర్లు పెట్టి మోటారును కింది మీటరుకిస్తే కింద 220 అయ్యి మళ్ళీ పై శ్లాబులో పడతారు. అప్పుడు రెండు బిల్లులూ కలిపి 1,706. అదే మోటారు పై మీటరుకిస్తే కింద 190, పైన 170, మొత్తం 1,448. కాబట్టి వైరింగ్ మొదలుపెట్టకముందే సబ్ మీటరు (ఒక పోర్షన్ వాడకం విడిగా చూపే చిన్న మీటరు) రీడింగులు మూడు నెలలవి రాసుకోండి. ఎండాకాలం నెల ఒకటైనా అందులో ఉండాలి, ఏసీ యూనిట్లు అప్పుడే తెలుస్తాయి.

రెండో సర్వీసుకు ఆన్‌లైన్‌లో గానీ కస్టమర్ సర్వీస్ సెంటర్లో గానీ దరఖాస్తు పెట్టాలి. ఓనర్ పేరు మీదే తీసుకోవచ్చు. సెక్షన్ ఆఫీసు వాళ్ళు వచ్చి వేరే వంటగది, వేరే దారి ఉన్నాయా అని చూస్తారు. ఒకే కుటుంబం, ఒకే వంటిల్లు ఉన్నచోట శ్లాబు కోసం రెండు మీటర్లు పెట్టించుకుంటే తర్వాత రెండూ కలిపి బిల్లు వేసే ప్రమాదముంది. ఆ పని వద్దు.

వైరింగ్ పని ఎక్కువగా పాడయ్యేది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) దగ్గర. ఎలక్ట్రీషియన్ ఫేజు (కరెంటు వచ్చే తీగ) విడదీసి, న్యూట్రల్ మాత్రం పాత జంక్షన్ బాక్సులో కలిసే వదిలేస్తాడు. ఇప్పటి సింగిల్ ఫేజ్ మీటర్లు ఫేజు, న్యూట్రల్ రెండిటి కరెంటూ కొలిచి, ఏది ఎక్కువైతే దాన్నే లెక్కేస్తాయి. పైవాళ్ళ కరెంటు మీ న్యూట్రల్ గుండా తిరిగొస్తే ఆ భారం మీ మీటరు మీదా పడుతుంది. మీటరు మీద ఎర్త్ లైటు వెలిగితే ముందు దీన్నే అనుమానించండి. రెండు పోర్షన్ల ఫ్యాన్లూ ఒకే ఇన్వర్టర్ మీద ఉన్నా ఇదే తంటా.

పని అయ్యాక డబ్బులిచ్చేముందు ఇలా చూడండి. కింద మెయిన్ ఆన్‌లోనే ఉంచి లోపలి ఎంసీబీలన్నీ దించేయండి. పైన 2,000 వాట్ల గీజరు ఒక్కటే వేయండి. మీటరు మీద 3200 ఇంపల్స్ (యూనిట్‌కు 3200 సార్లు లైటు కొట్టుకుంటుందని) అని ఉంటే పై మీటరు ఎర్రలైటు నిమిషానికి నూటేడు సార్ల దాకా కొట్టుకోవాలి, కింది మీటరు కదలకూడదు. తర్వాత కింది డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే) మెయిన్ కూడా కట్టేయండి. పైన గీజరు ఆగిపోయిందంటే న్యూట్రల్ ఇంకా మీ దగ్గరే ఉంది.

అద్దెకున్నవాళ్ళకు తెల్ల రేషన్ కార్డు ఉంటే గృహజ్యోతి (ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) వాళ్ళకూ వర్తిస్తుంది. 200 లోపు జీరో బిల్లు. కొత్త సర్వీస్ నంబరుకు కార్డు, ఆధార్ ముడిపెట్టించాలి. వాళ్ళకది వర్తిస్తే మోటారు వాళ్ళ మీటరు మీద వేయడం గురించి ముందే మాట్లాడుకోండి, 200 దాటిన నెల బిల్లంతా వాళ్ళు కట్టాల్సొస్తుంది.

గ్యాస్‌లో కంపెనీ మారినా ధర తగ్గదు, ఇండేన్, హెచ్‌పీ, భారత్ మూడిట్లోనూ రాయితీ లేని ఇంటి సిలిండరు ధర ఊళ్ళో ఒకటే, మారితే మెరుగయ్యేది డెలివరీ మాత్రమే. మీ వీధిలో భాగ్యనగర్ గ్యాస్ పైపులైను ఉంటే ఒక యూనిట్ (ఘనపు మీటరు) గ్యాస్ ధరను 18తో గుణించి 14.2 కిలోల సిలిండరు ధరతో పోల్చండి, సుమారుగా సరిపోతుంది. మారితే స్టవ్ జెట్లు వాళ్ళ టెక్నీషియన్ చేతే మార్పించండి. పాత జెట్లతో మంట సన్నగా వస్తుంది.