సర్పంచ్ అవుతానంటున్న అమ్మాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది కోనసీమ. మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరమంటే, ఊళ్లోనే ఉండి సర్పంచ్ అవుతానంటోంది. దారికి తెచ్చేదెలా? – ఒక రైతు

జవాబు: దారి తప్పితే కదండీ, దారికి తేవడానికి! కాకపోతే ఆమె కోరుకుంటున్నది పదవి, ఉద్యోగం కాదు. 21 ఏళ్లు నిండి, ఆ పంచాయతీ ఓటరు జాబితాలో పేరుంటే పోటీ చేయవచ్చు. కానీ రిజర్వేషన్లు మారుతుంటాయి. మీ ఊరి స్థానం ఎవరి వంతుకు వస్తుందో ముందే చెప్పలేం. పెళ్లయి వేరే ఊరు వెళితే ఓటూ అక్కడికే వెళుతుంది. గెలిచినా గౌరవ వేతనంతో ఇల్లు గడవదు.

అసలు ఊరి పని ఆమెకు నప్పుతుందో లేదో ముందు తేలాలి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపుతారు కదా. ఏ తేదీన నింపారు, ఎన్నాళ్లకు అడుగంటింది, శివారు వీధి కొళాయిలకు నీళ్లు అందాయా, రొయ్యల చెరువుల నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయి – ఒక నోటు పుస్తకంలో రాయమనండి. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే 15వ ఆర్థిక సంఘం (2021–26) నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించారు. పంచాయతీ ప్రణాళిక, ఖర్చులు ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఆ లెక్కనూ తన పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని గ్రామసభలో ఒక్క ప్రశ్న అడగమనండి. జవాబు వచ్చేదాకా పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక ఉందో లేదో ఆమెకే తెలిసిపోతుంది.

ఉందనుకుంటే, అదే రంగంలో కూడు పెట్టే చదువులున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో పీజీ డిప్లొమా ఉంది. గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న ఇర్మాలో గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పుతారు. ప్రవేశానికి పోటీ గట్టిదే. పంచాయతీ కార్యదర్శి, సచివాలయ ఉద్యోగాల నోటిఫికేషన్లు పడితే రాయవచ్చు. అయితే ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ ఎన్నికల్లో నిలబడడం కుదరదు. ఆ సంగతి చేరేముందే ఆలోచించుకోవాలి.

మీకూ ఒక మాట. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే అయినా, చాలా ఊళ్లలో సంతకం ఆమెది, పెత్తనం భర్తదో తండ్రిదో. రేపు ఆమె గెలిస్తే మీరు ఆ కుర్చీ పక్కన కుర్చీ వేసుకోకండి. కోచింగ్ మాటంటారా, డిగ్రీ ఫలితాలు వచ్చాక ఎత్తండి. ఈలోగా చెరువు నింపేరోజు ఆమెను వెంట తీసుకెళ్లండి.