పెళ్ళి చేస్తే దారికొస్తాడా?

ప్రశ్న: మాది అనంతపురం. మా అబ్బాయికి 25 ఏళ్ళు. బెంగళూరులో నైట్ షిఫ్టుల్లో నిద్ర రాకుండా ఫ్రెండ్స్ ఇచ్చిన మెత్ (మెథాంఫెటమిన్ అనే మత్తుమందు) అలవాటైంది. ఉద్యోగం పోయి ఇంటికొచ్చాడు. చెప్పింది మర్చిపోతాడు, అన్నంలో ఏదో కలిపానని నన్నే అనుమానిస్తాడు. మెదడుకుండే రక్షణ పొర దెబ్బతింటుందని ఎవరో చెప్పారు. ఇక బాగుపడడా? మా ఆయన గదిలో పెట్టి తాళం వేద్దామంటారు, బంధువులు పెళ్ళి చేయమంటున్నారు.

జవాబు: అమ్మా, కన్నకొడుకు మిమ్మల్నే అనుమానిస్తుంటే ఎంత నరకమో అర్థమవుతోంది. ఆ మాటలు మీ మీద ద్వేషంతో వస్తున్నవి కావు. మెత్ మెదడులో హుషారు కలిగించే రసాయనం డోపమైన్‌ను విపరీతంగా పెంచుతుంది, ఆ అనుమానాలకు ముఖ్య కారణం అదే.

ఇక ఆ పొర సంగతి. మెదడులోని సన్నని రక్తనాళాల గోడల కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని ఉంటాయి. చేను చుట్టూ వేసిన కంపలా అవి రక్తంలోని క్రిములను, విషాలను ఆపుతాయి, ఆక్సిజన్, చక్కెరలను మాత్రం లోపలికి పోనిస్తాయి. మెత్ ఆ అతుకుల్లోని క్లాడిన్-5 లాంటి ప్రొటీన్లను దెబ్బతీస్తుందని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. అప్పుడు లోపలికి రాకూడనివి కారతాయి, వాపు వస్తుంది. ఒళ్ళు ఎంత వేడెక్కితే ఈ నష్టం అంత ఎక్కువ. మన అనంతపురం ఎండల్లో ఇది మరీ భయపడాల్సిన విషయం. మత్తులో ఒళ్ళు కాలిపోతున్నా, తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి. గదికి తాళం వద్దనేది ఇందుకే. లోపల ఏమవుతోందో మీకు తెలియదు.

బాగుపడతాడా అంటే, చాలావరకు అవకాశం ఉంది. పూర్తిగా మానేసి ఏడాది దాటినవాళ్ళ మెదడులో డోపమైన్ వ్యవస్థ కొంత కోలుకోవడం స్కానింగుల్లో కనిపించింది. జ్ఞాపకశక్తికి ఇంకా టైం పట్టవచ్చు, అందరిలో పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

మానేసిన మొదటి రోజుల్లో బాగా నిద్రపోతాడు, ఎక్కువ తింటాడు, దిగులుపడతాడు. దాన్ని సోమరితనమని తిట్టొద్దు. ఆ దిగులులో చనిపోవాలన్న ఆలోచన రావచ్చు, కాబట్టి ఒంటరిగా వదలకండి. ఈ అలవాటును మాన్పించే మాత్ర ఇంతవరకు రాలేదు. కౌన్సెలింగే ప్రధాన చికిత్స, అనుమానాలకు, నిద్రకు మాత్రం డాక్టర్ మందులిస్తారు.

పెళ్ళి మాట ఇప్పుడు ఎత్తకండి. ఇంకో ఇంటి ఆడపిల్లను ఈ కష్టంలోకి తేవడం అన్యాయం.

అనంతపురం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయొచ్చు. పోలీసు కేసు భయం ఉంటే, కొద్దిపాటి మత్తుపదార్థం కేసుల్లో తనంతట తాను చికిత్సకు వచ్చినవారికి మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుందని మీ ఆయనకు చెప్పండి. బాబు రానంటే ముందు మీరిద్దరే వెళ్ళండి, ఇంట్లో అతనితో ఎలా మాట్లాడాలో అక్కడ అడగండి.