బరువులెత్తే ఆడవాళ్లకు కొవ్వు ఎంత ఉండాలి? కండ ఎలా పెరుగుతుంది?

ఒడిశా సరిహద్దు ఊళ్లలోని పాఠకురాళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు, నడుము చుట్టుకొలత 74. ఏడాదిగా జిమ్‌కి వెళ్తున్నాను. అక్కడి కొవ్వు చూపించే మిషన్ ఒక సాయంత్రం 31 శాతం అంది. రెండు రోజులకి పొద్దున్నే ఎక్కితే 27.5 చూపించింది. ఏది నమ్మాలి? 18కి దింపమని ట్రైనర్ అంటున్నారు. దింపవచ్చా? – బరంపురం

జవాబు: ఆ రెండు అంకెల్లో దేన్నీ పూర్తిగా నమ్మనక్కర్లేదు. ఆ మిషన్ కొవ్వును నేరుగా కొలవదు. పాదాల గుండా చిన్న కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారిందో చూస్తుంది. ఒంట్లో నీరున్న చోట కరెంటు బాగా పారుతుంది, కొవ్వు దగ్గర అడ్డుపడుతుంది. దాన్నిబట్టి ఒక సూత్రంతో లెక్క కట్టి శాతం చెబుతుంది. కాబట్టి నీరు మారితే అంకె మారిపోతుంది. బరంపురం ఉక్కపోతలో గంటసేపు చెమటోడ్చి ఎక్కితే ఒక అంకె, భోజనం చేసి ఎక్కితే ఇంకొకటి, నెలసరికి ముందు ఒళ్లు నీరు పట్టినప్పుడు మరొకటి. కాళ్లు మాత్రమే ఆనించే మిషన్‌లో కరెంటు ఎక్కువగా కాళ్లలోనే తిరిగి వస్తుంది, పొట్ట సంగతి దానికి పెద్దగా తెలియదు.

వాడాలనుకుంటే ప్రతిసారీ ఒకే తీరుగా వాడండి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ముందురోజు సాయంత్రం వ్యాయామం లేకుండా, అదే మిషన్ మీద. కాళ్ల పట్టీలు తీసేయండి. మెట్టెలు తీయలేకపోతే ఎప్పుడూ వాటితోనే ఎక్కండి. నెలసరి మొదలైన ఐదో రోజో ఆరో రోజో అని ఒకటి పెట్టుకుని, నెలకొక్కసారి చూస్తే చాలు. మూడు నెలల అంకెలు ఎటు వెళ్తున్నాయన్నదే పనికొచ్చే సమాచారం.

ఇక 18 సంగతి. ఆడవాళ్లకు ప్రాణావసరమైన కొవ్వే 10 నుంచి 13 శాతం దాకా ఉంటుంది. మగవాళ్లకు అది 2 నుంచి 5. అందుకే మగ ట్రైనర్ తనకు తెలిసిన అంకెను మీకు అప్పజెబితే కుదరదు. క్రీడాకారిణులు సాధారణంగా 14–20 మధ్య, బాగా వ్యాయామం చేసే ఆడవాళ్లు 21–24 మధ్య ఉంటారు. 25–31 మామూలు ఆరోగ్యవంతుల పరిధి. 32 దాటితే ఆలోచించాలి. మీది 28 అనుకుందాం. అంటే కొవ్వు 15 కిలోలు, మిగతాది 39. కండ ఒక్క గ్రాము పెరగకుండా 18కి దిగాలంటే మీరు 47 కిలోలకు రావాలి. ఆ దారిలో బలం, నిద్ర, నెలసరి అన్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. అదే రెండు కిలోల కండ పెంచి రెండు కిలోల కొవ్వు తగ్గించారనుకోండి, తూకం 54 దగ్గరే నిలుస్తుంది కానీ శాతం 24కి వస్తుంది. మీకు మేం చెప్పే దారి ఇదే. దానికి ఏడాది పైనే పట్టవచ్చు, పట్టనివ్వండి.

ఈలోగా టేపు పట్టుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు, ఎత్తులో సగం దాటకూడదు. మీ 74కి ఏ వంకా లేదు.

ప్రశ్న: బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతానని ఇంట్లో భయపెడుతున్నారు. నిజమేనా? – కాశీనగర్

జవాబు: కాదు. కండను అంతగా పెంచే టెస్టోస్టెరాన్ హార్మోన్ మగవాళ్లలో ఆడవాళ్లకంటే పది రెట్లకు పైగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టి, బాగా తిని, క్రమం తప్పకుండా చేసే అమ్మాయికి నెలకు పావు కిలో నుంచి అర కిలో కండ పెరిగితే అది మంచి ఫలితం. ఏడాది తర్వాత ఆ వేగమూ తగ్గుతుంది. మీకు పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. ఏళ్ల తరబడి సాధన చేసిన ఆమె ఫొటో ఇంట్లో చూపించండి.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు, 155 సెంటీమీటర్లు, 49 కిలోలు. ఆరు నెలల కిందట 54 ఉండేదాన్ని. వారానికి ఐదు రోజులు బరువులు, రోజూ పొద్దున్న ఐదు కిలోమీటర్ల పరుగు. పొద్దున్న రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, పప్పు, రాత్రి రెండు పుల్కాలు, కూర. మూడు నెలలుగా నెలసరి రాలేదు. కొవ్వు తగ్గితే అలాగే అవుతుందని జిమ్‌లో అన్నారు. ఎత్తే బరువులూ పెరగడం లేదు. – పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఇది కొవ్వు తగ్గినందుకు వచ్చే మామూలు మార్పు కాదు. "అలాగే అవుతుంది" అన్నవాళ్ల మాట పక్కన పెట్టండి. మూడు నెలలు నెలసరి ఆగితే డాక్టరుకు చూపించుకోవలసిందే. ఈ వారమే జిల్లా ఆసుపత్రిలో గైనిక్ ఓపీకి వెళ్లండి. గర్భ పరీక్ష, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (నెలసరిని ఆపగల హార్మోన్), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూస్తారు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) ఉందేమో కూడా చూస్తారు. వ్యాయామం ఎంత చేస్తున్నారో, ఏం తింటున్నారో, ఐదు కిలోలు ఎలా తగ్గారో అడగకపోయినా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే అసలు కారణం తప్పిపోయే అవకాశం ఉంది.

మీరు రాసినదాన్నిబట్టి తిండి చాలడం లేదనే మాకు అనుమానం. లెక్క చూడండి. 49 కిలోల్లో కొవ్వు తీసేస్తే మీ ఒళ్లు 40 కిలోలు అనుకుందాం. మీ భోజనం పన్నెండు వందల యాభై కేలరీల దగ్గర ఉండేలా ఉంది. పరుగుకూ బరువులకూ కలిపి 300 పోయాయి. మిగిలిన 950తోనే గుండె, మెదడు, ఎముక, హార్మోన్లు, అన్నీ నడవాలి. కిలోకు 24 కేలరీలు కూడా లేవు. 45 దగ్గర ఉంటే ఒంటి పనులన్నీ సాఫీగా సాగుతాయి. చాలాకాలం 30కి దిగువన ఉంటే చాలామందిలో శరీరం ఖర్చు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు అది మొదట ఆపేసే వాటిలో నెలసరి ఒకటి. ఎముక కట్టుకోవడం మందగిస్తుంది, కండ పెరగదు, చలి వేస్తుంది, నిద్ర చెడుతుంది, చిరాకు. బరువులు ఎందుకు పెరగడం లేదో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. కొవ్వు శాతం ఇంత ఉంటే నెలసరి ఆగుతుందనే గీత ఏదీ లేదు. 24 శాతంతో ఆగినవాళ్లున్నారు, 17తో సక్రమంగా వచ్చేవాళ్లున్నారు. తేడా తిండి దగ్గర వస్తుంది.

పరుగు ప్రస్తుతానికి మానేయండి. బరువులు వారానికి మూడు రోజులు చాలు, సెట్లు సగానికి తగ్గించండి. తిండి ఈరోజు నుంచే 300 కేలరీలు పెంచండి. పెద్ద పనేం కాదు: ఒక గ్లాసు పాలు, ఒక గుప్పెడు వేయించిన వేరుశెనగలు (30 గ్రాములు) కలిపితే 300. రెండు వారాలయ్యాక ఇంకో 200 కలపండి: అన్నం ఇంకో అర కప్పు, దాని మీద రెండు చెంచాల నెయ్యి. పొద్దున్న ఇడ్లీ నాలుగు తినండి. ఖాళీ కడుపుతో వ్యాయామం వద్దు. రెండు మూడు కిలోల బరువు పెరుగుతుంది, పెరగాలి కూడా. నెలసరి తిరిగి రావడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, అంతదాకా ఓపిక పట్టండి.

రెండు జాగ్రత్తలు. నెలసరి రప్పించే మాత్రలు సొంతంగా కొని వేసుకోకండి. మాత్ర ఆపాక రక్తస్రావం కనబడుతుంది కానీ లోపలి లోటు అలాగే ఉంటుంది, ఎముకకు జరిగే నష్టం ఆగదు. రెండోది, మోకాలి కింద ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట నొప్పి ఉంటే గెంతడం, పరుగు వెంటనే ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. ఎముకలో పడే సన్నని పగులు తొలి రోజుల ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు.

తినాలంటేనే భయం వేస్తుంటే, తిన్నాక తప్పు చేసినట్టు అనిపిస్తుంటే, అది కూడా డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడే విషయం కాదు, దానికీ వైద్యం ఉంది.

ప్రశ్న: మా ఇంట్లో కార్తీకంలో గుడ్డు కూడా రానివ్వరు. ఒడియా కార్తీకం, మన కార్తీకం రెండూ పాటిస్తాం. నేను 60 కిలోలు. ఆ రోజుల్లో ప్రొటీన్ ఎలా? – రాయగడ

జవాబు: ఒడియావారి నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. రెండూ పాటిస్తే మీకు నెలన్నర అవుతుంది. అన్ని రోజులు ప్రొటీన్ పడిపోతే తేడా తెలుస్తుంది. బరువులెత్తేవాళ్లకు కిలోకు 1.4 నుంచి 2 గ్రాములు కావాలి. మీకు రోజుకు 90 గ్రాములు పెట్టుకుందాం. గుడ్డు లేకుండానే వస్తుంది.

పొద్దున్న 75 గ్రాముల పెసలతో పెసరట్లు, ఒక గ్లాసు పాలు: 24 గ్రాములు. మధ్యాహ్నం అన్నంలోకి 50 గ్రాముల కందిపప్పుతో డాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), 25 గ్రాముల మీల్ మేకర్ కూర, పెరుగు: అన్నంతో కలిపి 32. సాయంత్రం 40 గ్రాముల పుట్నాలు: 9. రాత్రి రెండు చపాతీలు, 100 గ్రాముల ఛెనా లేదా పనీర్: 25. మొత్తం 90. ఇవన్నీ పచ్చి, పొడి తూకాలే, ఉడికాక తూచినవి కావు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. గిన్నెడు పప్పు అంటారు, అందులో పప్పు 15 గ్రాములు ఉంటుంది, మిగతాది నీళ్లు. పప్పును ఇంట్లో అందరికీ కలిపి వండుతారు కాబట్టి వండే ముందు తూచి, తినేవాళ్ల సంఖ్యతో భాగించుకోండి. ఉలవచారూ అంతే. ప్రొటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. చారు మీరు తాగి గింజలు పశువులకు పెడితే ప్రొటీన్ వాటికే. ఉడికిన ఉలవల్ని పోపు పెట్టి గుగ్గిళ్లుగా తినండి. చోడి (రాగి) అంబలి మంచిదే, కాల్షియం బాగా ఉంటుంది, కానీ ప్రొటీన్ కోసం దాని మీద ఆధారపడకండి. వంద గ్రాముల చోడిపిండిలో ఏడే ఉంటుంది. చద్దన్నం ప్రొటీన్ ఇవ్వకపోయినా వ్యాయామానికి రెండు గంటల ముందు తింటే శక్తి ఇస్తుంది.

కార్తీక సోమవారాలు, మార్గశిర గురువారాలు ఉపవాసం ఉంటే ఆ రోజుల్ని విశ్రాంతి రోజులుగా పెట్టుకోండి. మర్నాడు పొద్దున్న కూడా వద్దు, రెండు పూటలు తిన్నాక సాయంత్రం చేయండి.

ప్రశ్న: నాకు 46. 160 సెంటీమీటర్లు, 68 కిలోలు, నడుము 92. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. ఇంట్లో రెండు 5 కిలోల డంబెల్స్ ఉన్నాయి, తేలికైపోయాయి. జిమ్‌కి వెళ్లడం కుదరదు. – జయపురం

జవాబు: ఈ వయసులో ఈస్ట్రోజన్ తగ్గేకొద్దీ కొవ్వు తుంటి దగ్గర కంటే పొట్టలో చేరుతుంది, కండా ఎముకా తగ్గుతాయి. కాబట్టి బరువులు ఇప్పుడే ఎక్కువ అవసరం. మొదలుపెట్టే ముందు బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత తేలింది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే ముందు అది సరిచేసుకోవాలి, లేకపోతే మెట్లెక్కినా ఆయాసమే. ఐరన్ మాత్రకూ టీకీ కనీసం గంట ఎడం ఉంచండి.

బరువు చాలకపోతే స్కూలు బ్యాగులో కిలో బియ్యం ప్యాకెట్లు వేయండి. ఐదుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచండి. వారానికి మూడు రోజులు ఐదు పనులు: బ్యాగు గుండెకు హత్తుకుని కుర్చీ మీద కూర్చోబోయి లేవడం, రెండు డంబెల్స్‌తో తుంటి దగ్గర వంగి లేవడం, ఒంటిచేత్తో డంబెల్ పక్కకు లాగడం, మంచం పట్టె మీద చేతులు పెట్టి పుష్‌అప్‌లు, వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తడం. ఒక్కోటి మూడు సెట్లు, సెట్‌కు 8 నుంచి 12. సెట్ల మధ్య రెండు నిమిషాలు. సెట్ ముగిసేసరికి ఇంకా రెండే చేయగలను అనిపించాలి. ఇంకో పది చేయగలిగితే అది కండ పెంచే బరువు కాదు. మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజున ఇంకో ప్యాకెట్ వేయండి. డంబెల్స్‌కి బరువు పెంచలేరు కాబట్టి దించేటప్పుడు మూడు లెక్కపెడుతూ దించండి, తర్వాత ఒంటికాలి మీద చేయండి.

తుంటి దగ్గర వంగి లేవడంలోనే ఎక్కువమందికి వెన్ను పట్టేస్తుంది. కారణం తుంటి బదులు నడుమును వంచడం. గోడ వైపు వీపు తిప్పి జానెడు దూరంలో నిలబడండి. మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులతో గోడను తాకడానికి వెనక్కి జరపండి. వీపు తిన్నగా ఉండాలి, డంబెల్స్ తొడల్ని రాసుకుంటూ మోకాళ్ల కిందికి దిగాలి. తొడ వెనుక లాగినట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టు. నడుములో అనిపిస్తే బరువు వదిలేసి గోడ దగ్గర ఉత్త చేతులతో వారం చేయండి.

తిండి రోజుకు 300 కేలరీలు తగ్గిస్తే చాలు, ప్రొటీన్ మాత్రం తగ్గించవద్దు. వారానికి 300 గ్రాములు దిగితే బాగా జరుగుతున్నట్టే. కిలో చొప్పున దిగితే కండ కూడా పోతోందేమో చూసుకోవాలి.

ప్రశ్న: క్రియాటిన్ వేసుకున్న పది రోజులకే కిలో పెరిగాను. కొవ్వేనా? – గుణుపురం

జవాబు: కాదు, కండలోకి చేరిన నీరు. క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు, ఏ పూటైనా సరే. మొదటి వారం 20 గ్రాములు వేసుకోమని డబ్బా మీద రాసినా అవసరం లేదు. దానివల్ల కడుపు ఉబ్బరమే ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడక్కుండా వాడవద్దు. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు ఇది వాడుతున్నామని చెప్పండి. దీనివల్ల క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) అంకె కొంచెం ఎక్కువ కనబడవచ్చు, తెలియకపోతే కిడ్నీ దెబ్బతిందని కంగారుపడతారు.