హైలక్స్ వెనక కానోపీ పెట్టించే ముందు

సందేహం: అన్నా, నమస్తే. మాది నర్సంపేట. మెల్‌బోర్న్‌లో చదువు అయిపోయాక ఏబీఎన్ (సొంత వ్యాపారానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇచ్చే నంబర్) తీసుకుని టార్నీట్ చుట్టుపక్కల గార్డెనింగ్, ఇళ్ల క్లీనింగ్ పనులు చేస్తున్నా. 2017 మోడల్ టయోటా హైలక్స్ డబుల్ క్యాబ్ పికప్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా. వెనక సామాను వేసే టబ్బు ఓపెన్‌గా ఉంది. వర్షం ఒక బాధ, దొంగల భయం ఇంకో టెన్షన్. కానోపీ, అంటే టబ్బు మీద బిగించే తలుపులున్న గట్టి కప్పు, పెట్టిద్దామంటే ఫైబర్ అంటారు, అల్యూమినియం అంటారు, స్టీల్ అంటారు. 2014 హైలక్స్ మీద నుంచి తీసిన పాత కానోపీ ఒకటి చవగ్గా వస్తోంది. పైన రూఫ్ టెంట్ వేసుకుని భార్యాపిల్లలతో తిరగాలని కూడా ఉంది. మా నాన్నేమో, "మిర్చి బస్తాల మీద పట్టా కప్పి తాళ్లు బిగిస్తే చాలదా, దానికి లక్షలెందుకు పెడతావురా" అంటున్నాడు. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ఈ జవాబు హన్మకొండ నుంచే రాస్తున్నా, సెలవు మీద వచ్చా. ఏనుమాముల మార్కెట్ దారిలో మిర్చి బస్తాలతో వచ్చే బొలెరోలు, ట్రాలీ ఆటోలు చూస్తుంటే మీ నాన్న ఆ మాట ఎందుకన్నాడో తెలుస్తూనే ఉంది. ఆయన అడిగింది మంచి ప్రశ్న. మొదట దానికే జవాబు చెప్పుకోవాలి.

పట్టా వాన ఆపుతుంది. తాళ్లు గట్టిగా కడితే సరుకు కదలదు. కానీ పట్టాకు తాళం వేయలేం. ఇక్కడ సరుకు ఉన్నంతసేపు డ్రైవరో, రైతో బండి దగ్గరే ఉంటాడు. నువ్వు అక్కడ బండిని రోడ్డు పక్కన ఆపి, ఎవరి ఇంటి వెనకో గంటసేపు గడ్డి కోస్తుంటావు. మెల్‌బోర్న్‌లో యూట్‌ల (పికప్‌లను అక్కడ అలా అంటారు) నుంచి పనిముట్లు పోవడం మామూలైపోయింది. అందుకని నువ్వు కొనేది ముందు తాళం, ఆ తర్వాతే కప్పు. వాన ఒక్కటే సమస్య అయితే టబ్బు మీద చదునుగా పరిచే, గుడ్డతో చేసిన టానో కవర్ చాలు, బరువు దాదాపు ఉండదు, ఖర్చూ తక్కువే. నీ దగ్గర గడ్డి కోసే మోవర్, ఆకులు ఊదే బ్లోయర్, అంచులు కత్తిరించే ట్రిమ్మర్, వాక్యూమ్ ఉన్నాయి. హ్యాండిల్ ఉన్న మోవర్ చదునైన కవర్ కింద పట్టదు. కాబట్టి కానోపీ ఆలోచన సరైనదే.

అయితే నువ్వు రాయని సంగతి ఒకటుంది. కోసిన గడ్డి, కొమ్మలు ఎక్కడ వేస్తున్నావు? అవి టబ్బులోనే వేస్తుంటే కానోపీ వచ్చిన మర్నాటి నుంచీ నీకు నడుం నొప్పే. పైన కప్పు ఉంటే పారతో ఎత్తి వేయలేవు, దించేటప్పుడు వంగి లోపలికి దూరాలి. గార్డెనింగ్ వాళ్లు చాలామంది పనిముట్లు కానోపీలో, చెత్త 6x4 అడుగుల ట్రైలర్‌లో పెట్టుకోవడం అందుకే. బ్రేకులు లేని ట్రైలర్‌ను సరుకుతో కలిపి 750 కిలోల వరకే లాగనిస్తారు, అది గుర్తుంచుకో.

ఇక బరువు. కానోపీ అమ్మే మనిషి రంగు గురించి అరగంట చెబుతాడు, బరువు సంగతి ఎత్తడు. నువ్వే అడగాలి. నీ హైలక్స్‌లాంటి డబుల్ క్యాబ్ ఫోర్ బై ఫోర్ బండ్లకు జీవీఎం, అంటే సరుకుతో, మనుషులతో కలిపి బండి మోయదగ్గ మొత్తం బరువు, మూడు టన్నుల పైచిలుకు. అందులో బండి సొంత బరువు రెండు టన్నులకు మించి ఉంటుంది. మిగిలేది దాదాపు 950 కిలోలు. వినడానికి చాలా ఎక్కువ. ఇప్పుడు తీసేస్తూ పోదాం. ఫైబర్ కానోపీ 70, 80 కిలోలు. పైన సామాను కట్టే రాక్ పెడితే ఇంకో 20, 25. ముందు బుల్ బార్ (బంపర్ దగ్గర బిగించే ఇనుప రక్షణ) ఉంటే 50కి తక్కువ ఉండదు. నువ్వు, పక్కన పనికి వచ్చే అబ్బాయి కలిపి 150. ట్రైలర్ తగిలిస్తే దాని బరువులో సుమారు పదో వంతు, బండి వెనక దాన్ని తగిలించే టో బాల్ మీద పడుతుంది, అదీ బండి లెక్కలోకే వస్తుంది. అంటే సామాను ఎక్కకముందే మూడు, నాలుగు వందల కిలోలు అయిపోయాయి. పైగా కానోపీలో సామాను ఎక్కువగా టెయిల్‌గేట్ (టబ్బు వెనక కిందికి దిగే తలుపు) వైపే పేరుస్తాం. వెనక ఇరుసు దాటి బరువు ఎక్కువై, మీద ట్రైలర్ కూడా ఉంటే ఛాసిస్ వంగిపోయిన డబుల్ క్యాబ్‌లు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అందుకే బరువైనవి క్యాబ్ గోడకు ఆనించి పెట్టాలి. ఒకసారి మామూలు పనిరోజున మొత్తం సామానుతో వేబ్రిడ్జికి వెళ్లు. మన ఊళ్లో ధర్మకాంట ఉన్నట్టే అక్కడా డబ్బు కట్టి తూచుకునేవి ఉన్నాయి. ఆ చీటీ చేతికి వచ్చాకే ఏ కానోపీ అన్నది తేల్చుకో.

తర్వాత చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం, జాగ్రత్తగా చదువు. నీ పని పెట్రోల్ మోవర్‌తో. ఇన్నాళ్లూ ఓపెన్ టబ్బులో గాలికి పోయిన పెట్రోల్ ఆవిరి, కానోపీ వేశాక లోపలే ఉండిపోతుంది. అది గాలి కన్నా బరువు, టబ్బు అడుగున చేరుతుంది. ఎండలో ఆగిన బండిలో లోపలి వేడి గురించి చెప్పక్కర్లేదు. అక్కడే నువ్వు సెంట్రల్ లాకింగ్ మోటారు, లైటు, రేపు ఫ్రిజ్ కూడా పెడతానంటావు. ఒక్క చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి గాలి ఆడే వెంట్లు ఉన్న కానోపీయే తీసుకో. ఇంధనం క్యాన్ ప్రమాణాలకు తగినదై ఉండాలి, నిటారుగా పట్టీతో కట్టి ఉండాలి, ఆ రోజుకు సరిపడా మాత్రమే ఉండాలి. వేడిగా ఉన్న మోవర్‌ను వెంటనే లోపల పెట్టి మూయొద్దు. వంటగ్యాస్ బాటిల్‌ను మూసిన కానోపీలో వదిలి వెళ్లొద్దు. వీలైతే బ్యాటరీ మోవర్‌కు మారిపో, నా సలహా అదే. మూసిన కానోపీ, పెట్రోల్ రెండూ ఒకచోట ఉండటం నాకెప్పుడూ ఇష్టం లేదు.

క్లీనింగ్ సామాను కూడా ఇంతే. బ్లీచ్, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ పక్కపక్కన పెట్టి, దారిలో రెండూ ఒలికి కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు ఎత్తి తల లోపల పెట్టేది నువ్వే. రెండింటికీ వేర్వేరు మూత డబ్బాలు పెట్టి, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు ఉంచు.

తలుపుల సంగతికి వద్దాం. పక్కలకు మూడు రకాలు వస్తాయి: కదలని అద్దం, పక్కకు జరిగే అద్దం, పైకి లేచే తలుపు. పనివాడికి పైకి లేచేదే కావాలి, రెండు పక్కలా. టెయిల్‌గేట్ దించి, మోకాళ్ల మీద లోపలికి పాకి, ముందు గోడ దగ్గరున్న బ్లోయర్ అందుకోవడం రోజంతా చేయలేవు. అద్దానికి బదులు గట్టి రేకు తలుపు దొరికితే ఇంకా మంచిది. లోపల ఏముందో కనపడదు, పగలగొట్టడానికి అద్దమూ ఉండదు. అయితే వెనక్కి చూసే దృశ్యం తగ్గుతుంది కాబట్టి రివర్స్ కెమెరా బాగా పనిచేస్తూ ఉండాలి.

తాళం విషయంలో చాలామంది చూడనిది టెయిల్‌గేట్. కానోపీ వెనక అద్దం కిందికి దిగి టెయిల్‌గేట్ అంచు మీద కూర్చుంటుంది. అద్దానికి తాళం వేస్తే పని అయిపోయిందనుకుంటాం. కానీ చాలా బండ్లలో టెయిల్‌గేట్‌కు సెంట్రల్ లాకింగ్ కంపెనీ నుంచి రాదు. అద్దం తాళంతోనే ఉంటుంది, ఎవరైనా హ్యాండిల్‌లో వేళ్లు పెట్టి లాగితే టెయిల్‌గేట్ కిందికి దిగుతుంది, ఆ సందులోంచి చెయ్యి లోపలికి పోతుంది. కొనేముందు అమ్మే చోటే అద్దానికి తాళం వేయించి, టెయిల్‌గేట్ నువ్వు లాగి చూడు. తెరుచుకుంటే టెయిల్‌గేట్ లాక్ కూడా అదే రోజు పెట్టించుకో, బండి రిమోట్‌తో కలిపి.

ఫైబరా, అల్యూమినియమా, స్టీలా అన్నదాని మీద జనం గంటలు వాదిస్తారు, నాకు అంత పెద్ద విషయంగా అనిపించదు. ఫైబర్, ఏబీఎస్ ప్లాస్టిక్‌వి బండి రంగులో వస్తాయి, చూడ్డానికి బండిలో భాగంలా ఉంటాయి. ఫైబర్ పగిలితే అతుకు వేయించొచ్చు. స్టీల్ గట్టిది, బరువెక్కువ. అల్యూమినియం తేలిక, పెద్ద పెద్ద తలుపులు, లోపల అరలు, కానీ దాని అసలు అందం టబ్బు తీసేసి ట్రే (చదునైన పళ్లెం) వేసిన బండి మీదే. నీది టబ్బు, నీ పని తేలికపాటిది. ఫైబర్ లేదా ఏబీఎస్ చాలు. రంగు కలపాలని పట్టుబట్టకు, గరుకు నల్లరంగుది తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, గీతలు పడ్డా కనపడవు.

2014 హైలక్స్‌ది మాత్రం వద్దు, ఎంత చవకైనా. హైలక్స్ 2015లో పూర్తిగా మారింది. క్యాబ్ ఆకారం, టబ్బు అంచులు వేరు, నీ 2017కి అది కూర్చోదు. బలవంతంగా కూర్చోబెడితే వాన, దుమ్ము రెండూ లోపలే. 2015 తర్వాతి వాటిలో కూడా ఏ-డెక్, జె-డెక్ అని రెండు రకాల టబ్బులున్నాయి. నీది ఏదో ముందు కనుక్కుని, ఆ మాట చెప్పే పాత కానోపీ వెతుకు.

పాతది దొరికాక హింజ్‌ల చుట్టూ, క్లాంపులు బిగించే చోట సన్నటి పగుళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడు. తలుపును సగం ఎత్తి వదిలేయి, దాన్ని పైకి పట్టి ఉంచే గ్యాస్ స్ట్రట్‌లు అరిగి ఉంటే అది నెత్తి మీదికి దిగుతుంది. తాళంచెవులు అన్నీ ఇస్తున్నారా అని అడుగు. బండికి ఎక్కించాక లోపల పాత న్యూస్‌పేపర్లు పరిచి, తలుపులన్నీ వేసి, పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టు. తెరిచి చూస్తే ఏ కాగితం తడిసిందో ఆ పైన రబ్బరు సీల్ పోయినట్టే. సీల్ మార్చడం చిన్న పనే, తెలియకపోతే వాక్యూమ్ మోటారు తడిసి పోతుంది.

దుమ్ము వేరే దారిన వస్తుంది. బండి వేగంగా పోతున్నప్పుడు దాని వెనక గాలి పీడనం తగ్గుతుంది. మట్టి రోడ్డు మీద లేచిన దుమ్మంతా అక్కడే తిరుగుతూ, టెయిల్‌గేట్ చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికి లాగబడుతుంది. వాన ఆపిన కానోపీ దుమ్ము ఆపుతుందని అనుకోవద్దు. టెయిల్‌గేట్‌కు సీల్ కిట్ వేయించు. కానోపీ పైన ముందువైపు గాలి తీసుకునే వెంట్ ఉంటే, బండి నడుస్తుంటే లోపల పీడనం కొంచెం పెరిగి దుమ్మును బయటికే తోస్తుంది. గ్రాంపియన్స్ కొండల వైపు మట్టి దారుల్లో తిరగాలనుకుంటే ఈ రెండూ కావాలి.

రూఫ్ టెంట్ విషయం. కానోపీ పైకప్పుకు రెండు లెక్కలుంటాయి: బండి నడుస్తున్నప్పుడు ఎంత, ఆగి ఉన్నప్పుడు ఎంత. నడుస్తున్నప్పటి లెక్కలో టెంటుతో పాటు రాక్ బరువూ కలుస్తుంది, మట్టి రోడ్డు మీద ఇంకా తగ్గించుకోవాలని తయారీదారులే చెబుతారు. ఆగినప్పటి లెక్కలో టెంట్‌తో పాటు అందులో పడుకునే మీ ఇంటిల్లిపాదీ వస్తారు. రెండు అంకెలూ కాగితం మీద చూపించమని అడుగు, నోటిమాట వద్దు. పాత కానోపీకి కాగితం లేకపోతే దాని మీద టెంట్ వేయకు. ఇంకోటి, టెంట్ వేశాక బండి ఎత్తు కొలుచుకో. అపార్ట్‌మెంట్ కింది పార్కింగుల్లో చాలాచోట్ల ఎత్తు రెండు మీటర్ల పైన కొద్దిగానే ఉంటుంది.

మేడారం జాతరకు మనవాళ్లు ట్రాలీల్లో, డీసీఎంలలో కూర్చుని పోవడం చూసి పెరిగాం కాబట్టి ఇదీ చెప్పాలి. కానోపీ ఉంది కదా, నీడ ఉంది కదా అని బండి నడుస్తుండగా వెనక ఒక్క మనిషిని కూడా కూర్చోబెట్టకు, స్నేహితులు ఎంత అడిగినా. అక్కడ అది నేరం. బెల్టు ఉండదు, గుద్దుకుంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, వెనక అద్దం తెరిచి ఉంటే సైలెన్సర్ పొగ లోపలికి లాగుతుంది.

బిగించేటప్పుడు క్లాంపులతో అయితే మంచిది, టబ్బుకు రంధ్రాలు పడవు. రంధ్రం చేయక తప్పకపోతే కోసిన అంచుకు తుప్పు పట్టకుండా పెయింట్ వేయించు. టబ్బు లైనర్ అంచుల మీదికి వచ్చే రకమైతే కానోపీ సరిగా కూర్చోదు, అంచు కోయాలి లేదా లైనర్ మార్చాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక క్లాంపులు మళ్లీ బిగించు. కానోపీకి ఉండే బ్రేక్ లైటుకు వైరింగ్ ఇచ్చారో లేదో నువ్వే వెనక నిలబడి చూసుకో. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లకు కానోపీ సంగతి తప్పకుండా చెప్పు. చెప్పకపోతే కానోపీకి, లోపలి సామానుకు డబ్బు రాకపోవచ్చు. పనిముట్లకు చాలాసార్లు వేరే పాలసీ కావాలి.

వరంగల్, కరీంనగర్‌లో ఇసుజు వీ-క్రాస్, హైలక్స్ పికప్‌లు కొన్నవాళ్లు కూడా నన్ను ఇదే అడుగుతున్నారు. ఇక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ముందు ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుని తర్వాతే డబ్బు పెట్టండి.

తమ్ముడూ, ఏ-డెక్కో జె-డెక్కో తెలుసుకుని, మోవర్ హ్యాండిల్ మడిచాక దాని ఎత్తు కొలిచి, వేబ్రిడ్జి చీటీ ఫోటోతో పాటు నాకు పంపు. మీ నాన్నకు ఆ తాళం సంగతి చెప్పు, ఆయన ఒప్పుకుంటాడు.